ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌లు: ఎక్కడ ఆదుకుంటాయి, ఎక్కడ ఆదుకోలేవు?

కోల్‌కతా: 2025 సెప్టెంబరు 22 రాత్రి మొదలైన వాన మరునాటి ఉదయానికి 250 మిల్లీమీటర్లు దాటడంతో కోల్‌కతా వీధులు చెరువులను తలపించాయి. ఇలాంటి వేళ ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న పికప్ ఎక్కడికైనా వెళ్లగలదని చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకం ఎంతవరకు సరైనదో తెలుసుకోవడం ప్రాణరక్షణకు సంబంధించిన విషయం.

పికప్ ఎందుకు జారుతుంది?

సాధారణ పికప్‌లో ఇంజిన్ శక్తి వెనుక చక్రాలకే అందుతుంది. ఇంజిన్, కేబిన్‌ల బరువు ముందువైపు ఉంటుంది. సరకు దించిన తరువాత వెనుక భాగం తేలికై, ఆ టైర్లకు నేలపై పట్టు తగ్గుతుంది. మలుపుల్లో రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరిగేందుకు వాటి మధ్య డిఫరెన్షియల్ ఉంటుంది. అయితే ఒక చక్రం బురదలోనో, తడిసిన ట్రాము పట్టాపైనో పడితే అది వృథాగా తిరుగుతుంది. పట్టున్న రెండో చక్రానికి తగినంత బలం అందదు.

ట్రాక్షన్ కంట్రోల్ చేసే పని

ప్రతి చక్రం వేగాన్ని సెన్సర్లు కొలుస్తుంటాయి. ఒక చక్రం జారి వేగంగా తిరిగితే, ఈ వ్యవస్థ ఇంజిన్ శక్తిని తగ్గిస్తుంది లేదా ఆ చక్రానికి బ్రేకు వేస్తుంది. అప్పుడు రెండో చక్రానికి బలం చేరుతుంది. లోతైన బురదలో, ఇసుకలో శక్తి తగ్గితే బండి నిలిచిపోవచ్చు. అందువల్ల దీనిని తాత్కాలికంగా ఆపే మీట చాలా వాహనాల్లో ఉంటుంది. గట్టి నేల చేరగానే తిరిగి పనిచేయించాలి.

మూడు స్థానాలు

ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్ వంటి ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌లలో 2హెచ్, 4హెచ్, 4ఎల్ అనే స్థానాలు ఉంటాయి. మామూలు రోడ్డుపై 2హెచ్ సరిపోతుంది. బురద, కంకర దారుల్లో 4హెచ్ వాడాలి. పొడి రోడ్డుపై 4హెచ్‌లో మలుపు తిరిగితే ముందు, వెనుక ఇరుసుల మధ్య ఒత్తిడి పెరిగి స్టీరింగ్ బిగుస్తుంది, భాగాలు అరిగిపోతాయి.

నిటారు ఎత్తులకు, కూరుకుపోయిన సందర్భాలకు 4ఎల్ ఉద్దేశించినది. వేగం తగ్గి, చక్రాలకు అందే తిప్పుబలం చాలా పికప్‌లలో సుమారు రెండున్నర రెట్లు అవుతుంది. సాధారణంగా బండిని ఆపి, న్యూట్రల్‌లో ఉంచి ఈ స్థానానికి మార్చాలి. దార్జిలింగ్ జిల్లాలోని మానేభంజంగ్ నుంచి 3,636 మీటర్ల ఎత్తున ఉన్న సందక్‌ఫూకు పాత ల్యాండ్ రోవర్లు దశాబ్దాలుగా యాత్రికులను చేరవేస్తున్నది ఇలాంటి గేర్ల బలంతోనే.

హద్దులు

ఈ సదుపాయాలు బండి కదలడానికి తోడ్పడతాయి. ఆగే విషయంలో ఫోర్ వీల్ డ్రైవ్‌తో అదనపు ప్రయోజనం లేదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి. తడి రోడ్డుపై బండి ఎంత దూరంలో ఆగుతుందో ప్రధానంగా టైర్ల పట్టు, వేగం నిర్ణయిస్తాయి. టైరు గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు చేరేలోగానే మార్చుకోవాలి.

నీటిలో ప్రమాదం మరింత ఎక్కువ. రెండడుగుల ప్రవాహం పికప్‌లను సైతం కొట్టుకుపోయేలా చేయగలదు. నిలిచిన నీరైనా గాలి గొట్టం ద్వారా ఇంజిన్‌లోకి చేరితే బండి ఆగిపోతుంది. నీటి కింద గుంత ఉందో, మూతలేని మ్యాన్‌హోల్ ఉందో ఏ సెన్సరూ చెప్పలేదు. లోతు తెలియని నీరు ఎదురైతే వెనుదిరగడమే శ్రేయస్కరం.