తొందరపడిన ప్రేమ – తొందరపెట్టిన కథ

పెద్ద నవల చదివేటప్పుడు మనకొక సందేహం కలుగుతుంది. నాయిక గురించీ నాయకుడి గురించీ అంతా తెలిసింది, బాగానే ఉంది. మరి మధ్యలో రెండు మూడు పుటల్లో కనిపించి మాయమైన ఆ చిన్న పాత్ర సంగతేమిటి? ఆమె ఎక్కడి నుంచి వచ్చింది? ఆమెకూ ఒక స్నేహితుడో, ఒక కోరికో ఉండి ఉండవా? అమెరికా రచయిత్రి స్టెఫనీ మేయర్‌కు తన సొంత నవల విషయంలోనే ఈ సందేహం కలిగింది. దానికి సమాధానంగా 2010 జూన్ 5న ఒక చిన్న నవల వెలువడింది. దాని పేరు ‘ది షార్ట్ సెకండ్ లైఫ్ ఆఫ్ బ్రీ టానర్’. తెలుగులో చెప్పాలంటే ‘బ్రీ టానర్ పొట్టి రెండో జీవితం’.

ఈ నవలను చదివినవారిలో చాలామంది చెప్పే మాట ఒకటుంది: “కథ బాగుంది కానీ ప్రేమ మరీ తొందరగా అయిపోయింది.” ఈ మాటలో నిజం ఎంత? ఆ తొందర ఎవరిది? మిత్రులారా, ఈ వ్యాసంలో దాన్నే పరిశీలిద్దాం. పుస్తకం చదవనివారికి కూడా అర్థమయ్యేలా ముందు కథ చెబుతాను. ముగింపు కూడా చెప్పక తప్పదు. దాచిపెడితే అసలు విషయం తేలదు.

శాఖా నవల అంటే ఏమిటి?

ఒక పెద్ద కథలోని చిన్న పాత్రనో, చిన్న సంఘటననో తీసుకుని, దాన్ని విడిగా మరో పుస్తకంగా రాస్తే ఇంగ్లీషులో స్పిన్ ఆఫ్ అంటారు. చెట్టు నుంచి కొమ్మ వచ్చినట్టు వస్తుంది కాబట్టి మనం శాఖా నవల అనుకోవచ్చు. ఇది మనకు కొత్తేమీ కాదు. ఓల్గా గారు ‘విముక్త’ కథల్లో రామాయణంలోని శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ వంటివారిని ముందుకు తెచ్చి వాళ్ల వైపు నుంచి కథ చెప్పారు. ఆ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పెద్ద కథ పట్టించుకోని మనిషిని పట్టించుకోవడమే ఇటువంటి రచనకు బలం.

మేయర్ రాసిన పెద్ద కథ పేరు ‘ట్వైలైట్’. కౌమార వయసు పాఠకుల కోసం రాసిన ఊహాలోకపు నవలల వరుస అది. మొదటి నవల 2005లో, ‘న్యూ మూన్’ 2006లో, ‘ఎక్లిప్స్’ 2007లో, ‘బ్రేకింగ్ డాన్’ 2008లో వచ్చాయి. బెల్లా అనే అమ్మాయికీ, ఎడ్వర్డ్ అనే వాంపైర్‌కూ మధ్య ప్రేమ వాటి విషయం. వాంపైర్ అంటే రక్తం తాగి బతికే, ముసలితనం లేని జీవి. మూడో నవల చివర్లో ఒక యుద్ధం జరుగుతుంది. ఆ యుద్ధంలో లొంగిపోయిన ఒక చిన్న పిల్ల కొద్ది పుటలు కనిపించి చనిపోతుంది. ఆమే బ్రీ. మొదట ఆమె కథను ట్వైలైట్ విశేషాలు వివరించే ఒక పెద్ద పుస్తకంలో భాగంగా ఉంచాలని రచయిత్రి అనుకున్నారు. రాస్తూ ఉంటే అది పెరిగి విడి నవల అయింది.

కథ ఇదీ

బ్రీకి ఇంకా 16 ఏళ్లు నిండలేదు. ఇల్లు వదిలి వచ్చేసింది. ఆకలితో రోడ్ల మీద తిరుగుతుంటే రైలీ అనే యువకుడు తిండి ఆశ చూపి తీసుకుపోతాడు. అతని వెనక విక్టోరియా అనే వాంపైర్ ఉంది. ఆమెకు ఎడ్వర్డ్ కుటుంబం మీద పగ. ఆ పగ తీర్చుకోవడానికి సియాటిల్ నగరంలో, పోయినా ఎవరూ వెతుక్కుంటూ రాని పిల్లలను పట్టుకుని వాంపైర్లుగా మార్చి ఒక సైన్యం తయారుచేయిస్తుంది. కొత్తగా మారిన వాంపైర్లకు మొదటి ఏడాది బలం చాలా ఎక్కువ, నిగ్రహం చాలా తక్కువ. వాళ్లలో వాళ్లే కొట్టుకుని చస్తుంటారు. వాళ్లను అదుపులో పెట్టడానికి రైలీ ఒక అబద్ధం చెబుతాడు. ఎండ తగిలితే కాలి బూడిదైపోతారని. అందుకని పగలంతా అందరూ ఒక ఇంటి నేలమాళిగలో పడి ఉంటారు.

ఆ గుంపులో డియేగో అనే కుర్రాడున్నాడు. మిగతావాళ్లకంటే తెలివైనవాడు, నిదానస్తుడు. ఒక రాత్రి వేటకు వెళ్లినప్పుడు బ్రీకీ అతనికీ మాటలు కలుస్తాయి. తెల్లవారేలోగా గుంపును చేరుకోలేక ఇద్దరూ ఒక గుహలో దాక్కుంటారు. అక్కడ డియేగో ధైర్యం చేసి ఎండలోకి వెళ్లి చూస్తాడు. కాలిపోడు. అతని చర్మం వజ్రంలా మెరుస్తుంది, అంతే. ఇన్నాళ్లు విన్నది అబద్ధమని ఇద్దరికీ తెలిసిపోతుంది. తమ ఇద్దరిదీ ఒక రహస్య నింజా సంఘం అని పేరు పెట్టుకుంటారు. మరుసటి రాత్రి ముద్దు పెట్టుకుంటారు. ఈ సంగతి రైలీకి చెబుతానని డియేగో ఆగిపోతాడు. బ్రీ ముందుగా వెళ్లిపోతుంది. డియేగో మళ్లీ రాడు. రైలీ, విక్టోరియా కలిసి అతన్ని చంపేశారు.

ఆ సంగతి తెలియని బ్రీ అతన్ని వెతుక్కుంటూ యుద్ధానికి వెళుతుంది. అక్కడ ఎడ్వర్డ్ కుటుంబానికి లొంగిపోతుంది. వాళ్లు ఆమెను కాపాడాలని చూస్తారు. కానీ వాంపైర్ల లోకాన్ని శాసించే వోల్టూరీ అనేవాళ్లు వచ్చి ఆమెకు మరణశిక్ష వేస్తారు. కథ అక్కడితో ముగుస్తుంది.

ప్రేమకు దొరికిన సమయం

ఇప్పుడు లెక్క చూద్దాం. బ్రీ, డియేగో కలిసి ఉన్నది ఒక పగలు, దానికి అటూ ఇటూ ఉన్న రాత్రులు. ఆ కొద్ది సమయంలోనే పరిచయం, స్నేహం, నమ్మకం, ప్రేమ, ముద్దు, వీడ్కోలు అన్నీ జరిగిపోయాయి. పుస్తకం మొత్తం 178 పుటలు. అధ్యాయాలు కూడా లేవు. ఒకే పరుగు. బెల్లా, ఎడ్వర్డ్‌ల ప్రేమకు మొదటి నవలలోనే దాదాపు 500 పుటలు దొరికాయి. ఆ తరువాత ఇంకా మూడు నవలలు. ఈ తేడా పాఠకుడికి తెలుస్తూనే ఉంటుంది.

అయితే తొందర అంతా ఒకటే రకం కాదు. పాత్ర పడే తొందర వేరు, రచయిత పెట్టే తొందర వేరు. ఈ నవలలో రెండూ ఉన్నాయి. వాటిని విడదీసి చూడటమే మన పని.

పాత్ర పడే తొందర

బ్రీ వైపు నుంచి ఆలోచించండి. ఆమెకు ఇల్లు లేదు. వాంపైర్ అయ్యాక మూడు నెలలుగా చుట్టూ ఉన్నవాళ్లంతా ఎప్పుడు మీద పడతారో తెలియదు. అటువంటి చోట ఒకడు ఆమెతో మామూలుగా మాట్లాడాడు. జోకులు వేశాడు. ఆమె చెప్పింది విన్నాడు. ఎండ తన మీద ముందు పరీక్షించుకుని ఆమెను ప్రమాదంలో పెట్టలేదు. చాలాకాలం ఆకలితో ఉన్నవాడికి మొదటి ముద్ద అమృతంలా ఉంటుంది. ప్రేమ దొరకని పిల్లకు మొదటి మంచి మాట కూడా అంతే. కాబట్టి బ్రీ తొందరపడటంలో అసహజం ఏమీ లేదు. ఎవరైనా ఆమె స్థానంలో ఉంటే అలాగే చేస్తారు.

ఆ ప్రేమలో గట్టి భాగం కూడా ఉంది. ముద్దు కంటే ఎండ పరీక్ష ఘట్టమే మనకు ఎక్కువ గుర్తుంటుంది. ఎందుకంటే అక్కడ ఇద్దరూ కలిసి ఒక పని చేశారు. అందరూ నమ్మినదాన్ని ప్రశ్నించారు. ప్రాణం ఒడ్డి నిజం తెలుసుకున్నారు. కలిసి చేసిన పని మీద నిలబడినప్పుడు ఒక్కరోజు స్నేహం కూడా నమ్మేలా ఉంటుంది.

రచయిత పెట్టే తొందర

ఇక రెండో వైపు. బ్రీ చనిపోతుందని 2007లోనే ‘ఎక్లిప్స్’ చెప్పేసింది. శాఖా నవలకు ఉన్న పెద్ద ఇబ్బంది ఇదే. ముగింపు ముందే రాసి ఉంటుంది. దాన్ని మార్చడానికి లేదు. పాఠకుడికి కూడా ఆ ముగింపు తెలుసు. మరి తెలిసిన ముగింపు కోసం ఎందుకు చదవాలి? చనిపోయే పిల్లకు పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. ఆ ఏదో ఒకటి ప్రేమ అయితే పాఠకుడి కళ్లు త్వరగా చెమరుస్తాయి. అందుకని డియేగో వచ్చాడు. వచ్చినంత వేగంగానూ వెళ్లిపోయాడు.

స్నేహం వరకు మనం నమ్ముతాం. అక్కడి నుంచి ముద్దు వరకు వేసిన అడుగులు మాత్రం కనిపించవు. డియేగోకు కోపం వస్తే ఎలా ఉంటాడు? ఇద్దరికీ ఒక విషయంలో పడకపోతే ఏం చేస్తారు? ఇవి తెలుసుకునే అవకాశం మనకూ లేదు, బ్రీకీ లేదు. ఇక్కడ గడియారం చూసుకున్నది పాత్ర కాదు, రచయిత్రి.

మాటలు లేని స్నేహం

దీనికి సాక్ష్యం ఇదే పుస్తకంలో ఉంది. అతని పేరు ఫ్రెడ్. అతనికి ఒక విచిత్రమైన శక్తి ఉంది. అతని వైపు చూడబోతే ఎవరికైనా కడుపులో తిప్పుతుంది. అందుకని ఎవరూ దగ్గరకు రారు. బ్రీ ఆ సంగతి గమనించి గొడవలకు దూరంగా అతని వెనక కూర్చుంటుంది. అతను పొమ్మనడు. రోజుల తరబడి ఇద్దరి మధ్యా మాటలే ఉండవు. ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు మాత్రం అతని శక్తి ఆమెకూ గొడుగులా పనికివస్తుంది. చివరికి యుద్ధానికి వెళ్లకుండా తప్పించుకుంటూ, తనతో రమ్మని పిలుస్తాడు. ఆమె డియేగో కోసం వెళ్లాలంటే, వాంకూవర్‌లో ఒక రోజు ఎదురుచూస్తానని చెప్పి వెళతాడు.

ఈ స్నేహంలో ముద్దు లేదు, ప్రమాణాలు లేవు. అయినా మనం నమ్ముతాం. ఎందుకు? చిన్న చిన్న పనులు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ వచ్చింది కాబట్టి. బ్రీ కూడా చనిపోయే ముందు తలచుకున్నవాళ్లలో ఫ్రెడ్ ఉన్నాడు. అతను కనిపిస్తే అతనితో దయగా ఉండమని, మనసులోని మాటలు వినగల ఎడ్వర్డ్‌ను మనసులోనే కోరుకుంటుంది. పుటలు తక్కువైనా బంధాన్ని నిజం చేయవచ్చని ఈ పుస్తకమే నిరూపిస్తోంది. కాబట్టి పుటలు చాలలేదన్న సాకు పూర్తిగా నిలవదు.

ప్రేమే ఎరగా మారినప్పుడు

ఇంత చెప్పాక ఆ తొందర ప్రేమ పనికిరానిదని తేల్చేయకూడదు. కథలో దానికి భయంకరమైన పని ఒకటుంది. డియేగో బతికే ఉన్నాడని, యుద్ధభూమిలో ఎదురుచూస్తున్నాడని రైలీ బ్రీతో అబద్ధం చెబుతాడు. ఆమె నమ్మడానికి ఆనవాలుగా వాళ్లిద్దరికే తెలిసిన నింజా మాట వాడతాడు. డియేగోను హింసించి ఆ మాట రాబట్టారని ఆమెకు తరువాత గాని అర్థం కాదు. ఎండ గురించి చెప్పిన అబద్ధాన్ని పరీక్షించి గెలిచిన పిల్ల, ప్రేమ పేరుతో చెప్పిన అబద్ధాన్ని పరీక్షించలేకపోయింది. ఫ్రెడ్ వెంట వెళ్లి బతకగలిగేది. వెళ్లలేదు.

ఈ ఒక్క మలుపు చూస్తే ఆ ప్రేమ అంత వేగంగా ఎందుకు రావాలో అర్థమవుతుంది. మెల్లగా తెలిసిన మనిషి గురించి ఎవరైనా అబద్ధం చెబితే పట్టుకోగలం. ఒక్కరోజు తెలిసిన మనిషి గురించి ఏం చెప్పినా కాదనడానికి మన దగ్గర ఆధారం ఉండదు. రచయిత్రి ఈ సంగతిని ఇంకా నిలిపి చూపించి ఉంటే, తొందర అన్న లోపమే పుస్తకానికి గుండెకాయ అయ్యేది. ఆమె అక్కడ ఆగకుండా ముందుకు పోయారు. నా దృష్టిలో అసలు లోటు అదే.

చదివేటప్పుడు వేసుకోవలసిన ప్రశ్నలు

ఏ ప్రేమకథ చదివినా, సినిమా చూసినా, మీరే ఒక కథ రాయబోయినా ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి.

1. ఈ ఇద్దరూ కలిసి ఏం పని చేశారు? ఒకరినొకరు చూసుకోవడం తప్ప ఏమీ లేకపోతే పునాది లేనట్టే.

2. ఒకరి గురించి ఒకరికి నచ్చని సంగతి ఏమైనా తెలుసా? తెలిసీ ఉండగలిగారా?

3. తొందర ఎవరిది? పాత్ర పరిస్థితి నుంచి పుట్టిందా, లేక కథ ముగించే అవసరం నుంచి పుట్టిందా?

ఈ ప్రశ్నలు పుస్తకానికే కాదు, బతుకుకూ పనికివస్తాయి. చిన్న వయసులోనే ఇల్లు వదిలి, అమ్మానాన్నలకు దూరంగా చదువుకుంటున్న మనకు ఒక మంచి మాట ఎంత విలువైనదో ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ మాట చెప్పినవారు డియేగో కావచ్చు, తిండి ఆశ చూపిన రైలీ కూడా కావచ్చు. మొదటి రోజు ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. తేడా తెలియాలంటే రోజులు గడవాలి. పక్కన నిశ్శబ్దంగా కూర్చుని మనకు నీడ ఇచ్చే ఫ్రెడ్ లాంటివాళ్లు మన గదిలోనే, మన వరుసలోనే ఉంటారు. గొప్ప మాటలు చెప్పరు కాబట్టి మనం వాళ్లను లెక్కలోకి తీసుకోం.

బ్రీకి ఆ రోజులు గడిచే అవకాశం ఇవ్వలేదు. ఆమెకు దొరికిన కాలమే తక్కువ. మనకు కాలం ఉంది. దాన్ని తొందరపెట్టకుండా వాడుకుందాం.