అద్దం చవక, నీళ్లు బరువు

కైకలూరు, ఆకివీడు చుట్టుపక్కల చెరువుల్లో పెరిగే పంగాసియస్ తెలుగువాళ్లకు కొత్త చేప కాదు. మార్కెట్లో కిలో, కిలోన్నర తూగే చేపలు కుప్పలుగా కనిపిస్తాయి. అమెరికాలో అదే జాతి రెండు చోట్ల దొరుకుతుంది. కిరాణా దుకాణం ఫ్రీజర్‌లో 'స్వాయ్' పేరుతో, వియత్నాం నుంచి వచ్చిన ముక్కలుగా ఒకటి. పెంపుడు జంతువుల దుకాణంలో 'ఐరిడెసెంట్ షార్క్' పేరుతో, రెండు మూడు అంగుళాల మెరిసే పిల్లగా ఇంకొకటి. మెకాంగ్ నదిలో ఇది నాలుగడుగుల దాకా సాగుతుంది. పిల్లను చూసి ముచ్చటపడి కొన్న కుటుంబం కొన్నాళ్లకే పెద్ద ట్యాంకు వెతుక్కోవాల్సి వస్తుంది. ఎంత పెద్దది కొన్నా, ఆ చేపకు సరిపడేంత చోటు మామూలు ఇంట్లో ఉండదు.

రూప్‌చంద్ సంగతీ ఇంతే. ఆంధ్ర చెరువుల్లో కూరచేపగా పెరిగే ఈ అమెజాన్ జాతిని అమెరికా దుకాణాలు 'పాకు' అని అమ్ముతాయి. అరచేతిలో ఇమిడే పిల్ల రెండడుగులు దాటుతుంది. పెంచలేక ఎవరో చెరువులో వదిలేస్తారు, గాలం వేసుకునేవాళ్లకు అది చిక్కుతుంది, పిరానా దొరికిందని స్థానిక పత్రికలో వార్త వస్తుంది. బంగారు చేపలూ తక్కువేం తినలేదు. 2021లో మిన్నెసోటా రాష్ట్రంలోని బర్న్స్‌విల్ నగరం తమ సరస్సులో ఫుట్‌బాల్ అంత పెరిగిన గోల్డ్‌ఫిష్‌ల ఫొటోలు చూపించి, దయచేసి వీటిని వదలొద్దని ప్రజలను వేడుకుంది.

ఇక కొర్రమీను. తెలంగాణ రాష్ట్ర చేప. ఊరి జ్ఞాపకంగా దాన్ని ట్యాంకులో పెంచుకోవాలన్న కోరిక అమెరికాలో నెరవేరదు. 2002లో మేరీలాండ్‌లోని క్రాఫ్టన్ అనే ఊరి చెరువులో దీని దాయాది 'నార్తర్న్ స్నేక్‌హెడ్' బయటపడింది. సూప్ కోసం న్యూయార్క్‌లో కొన్న రెండు చేపలు చివరికి ఆ చెరువుకు చేరాయి. అక్కడ పిల్లలు పెట్టాయి. అధికారులు చెరువులో మందు కలిపి చేపలన్నిటినీ చంపాల్సి వచ్చింది. ఆ ఏడాదే సమాఖ్య ప్రభుత్వం కొర్రమీను జాతులన్నిటినీ హానికర ప్రాణుల జాబితాలో చేర్చి, బతికున్నవాటిని దిగుమతి చేసుకోవడాన్ని నిషేధించింది. టెక్సస్‌తో సహా చాలా రాష్ట్రాల్లో దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే.

అందుకే పెద్ద అక్వేరియం కొనేటప్పుడు మొదట తేల్చుకోవాల్సింది ట్యాంకు గురించి కాదు, చేప గురించి. అది పూర్తిగా ఎదిగాక ఎంతవుతుంది, గుంపుగా బతుకుతుందా ఒంటరిగానా, పైకి ఎగురుతుందా అన్నవి తెలిశాకే గాజు సంగతి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, సమస్యలన్నీ అక్కడే పుడతాయి.

హైదరాబాద్‌లో 'వాస్తు చేప'గా పేరుపడ్డ అరోవానా విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. ఎరుపు, బంగారు రంగుల ఆసియా అరోవానా అమెరికాలో 1976 నుంచీ అంతరించిపోతున్న జాతుల చట్టం కింద ఉంది. దాన్ని పెంపుడు చేపగా కొనడం, అమ్మడం చట్టవిరుద్ధం. దుకాణాల్లో దొరికే వెండి అరోవానా అమెజాన్‌ది. అది మూడడుగుల దాకా పెరుగుతుంది. అడవిలో కొమ్మల మీది పురుగుల కోసం నీళ్లలోంచి పైకి లంఘించే చేప కాబట్టి బరువైన మూత లేకపోతే ఓ రాత్రి నేల మీద పడి ఉంటుంది. ఇంట్లో శుభం కోసం తెచ్చుకునే ప్రాణి ఇరుకులో వెన్ను వంగి బతకడం ఏ శాస్త్రానికీ సమ్మతం కాదు. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న తొట్టి పెట్టలేనివాళ్లు దాని జోలికి పోకపోవడమే న్యాయం.

గాలన్ల లెక్కలో కూడా ఓ మెలిక ఉంది. అమెరికన్ గాలన్ అంటే సుమారు 3.8 లీటర్లు. దుకాణాల్లో బాగా కనిపించే 55 గాలన్ల ట్యాంకు, 75 గాలన్ల ట్యాంకు రెండూ నాలుగడుగుల పొడవే, ఎత్తూ ఒకటే, 21 అంగుళాలు. తేడా అంతా వెడల్పులో ఉంది. 55కి 13 అంగుళాలు, 75కి 18. ఎదిగిన ఆస్కర్ చేప అడుగు పొడవుంటుంది. 13 అంగుళాల గోడల మధ్య అది ఒళ్లు తిప్పుకోవడమే కష్టం. ఎత్తు చూసేవాళ్లకు అందం. చేపకు కావాల్సింది ఈదే దూరం, తిరిగే చోటు, గాలి తాకే నీటి ఉపరితలం. పొడవుగా, వెడల్పుగా, మరీ ఎత్తు లేకుండా ఉన్న ట్యాంకే మంచిదని చెప్పొచ్చు. చేయి అడుగుకు అందకపోతే శుభ్రం చేయడమూ మొదటి నెలతోనే ఆగిపోతుంది.

75 గాలన్ల ట్యాంకులో ఒక ఆస్కర్, లేదా ఏంజెల్ చేపల చిన్న గుంపు హాయిగా బతుకుతాయి. మన దేశపు వాగుల్లో పుట్టిన జీబ్రా డానియోలు, రోజీ బార్బ్‌ల పెద్ద గుంపు పెంచితే ట్యాంకు ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. అవి హీటర్ మీద పెద్దగా ఆధారపడవు కూడా.

ఇప్పుడు బరువు. ఒక గాలన్ నీళ్లు 8.3 పౌండ్లు. గాజు, కంకర, రాళ్లు కలుపుకుంటే నిండిన 75 గాలన్ల ట్యాంకు దాదాపు 850 పౌండ్లు, అంటే 385 కిలోలు. ఆరడుగుల 125 గాలన్లది 1,400 పౌండ్లు దాటుతుంది. ఇంత బరువు ఆరు చదరపు అడుగుల్లోనో, తొమ్మిది చదరపు అడుగుల్లోనో నిలబడుతుంది. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాలు అనుసరించే నివాస నిర్మాణ నియమావళి హాలు, వంటిల్లు వంటి గదుల నేలకు చదరపు అడుగుకు 40 పౌండ్లు, పడకగదికి 30 పౌండ్ల భారం లెక్కగడుతుంది. 75 గాలన్ల ట్యాంకు కింద అది 140కి చేరుతుంది. ఈ 40 అన్నది గదంతా ఒకేసారి నిండితే అని వేసిన లెక్క గనక, ఒక మూల ట్యాంకు పెట్టగానే నేల కూలిపోదు. ఎక్కడ, ఎలా పెట్టారన్నదే ముఖ్యం.

ఇక్కడ ఊరిని బట్టి ఇల్లు మారుతుంది. తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో ఉన్న ఫ్రిస్కో, ప్లానో వైపు ఇళ్లు ఎక్కువగా కాంక్రీట్ పలక మీద కట్టినవి. కింది అంతస్తులో ఎంత పెద్ద ట్యాంకు పెట్టినా బరువు సమస్య కాదు. కాకపోతే అక్కడిది నల్లరేగడి నేల. వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది, పునాదులు కాస్త కదులుతుంటాయి. ట్యాంకు మట్టం ఏడాదికోసారైనా చూసుకోవాలి. నీటి అంచు ఒక పక్క ఎక్కువగా కనిపిస్తే గాజు అతుకుల మీద ఒత్తిడి అసమానంగా పడుతోందని అర్థం. న్యూజెర్సీలోని ఎడిసన్ వైపు వెళ్తే బేస్‌మెంట్ ఉన్న ఇళ్లు ఎక్కువ. అక్కడ హాలు నేల కింద ఉండేది జోయిస్టులనే చెక్క దూలాలు. బేస్‌మెంట్‌లోకి దిగి తలెత్తి చూస్తే అవి ఏ దిక్కుగా పరిచారో తెలుస్తుంది. ట్యాంకు పొడవు దూలాలకు అడ్డంగా, బరువు మోసే గోడకు ఆనుకుని ఉంటే భారాన్ని మూడు నాలుగు దూలాలైనా పంచుకుంటాయి. దూలాల వెంట పెడితే ఒకటి రెండింటి మీదే పడుతుంది.

వాస్తు ప్రకారం ఇంటి ఈశాన్యంలో నీళ్లుండాలని కోరుకునేవాళ్లు ఆ మూల నేలను ఏది మోస్తోందో చూసుకోవడం మరవకూడదు. టెక్సస్ ఇళ్లలో పిల్లలు కోరే పై అంతస్తు గేమ్ రూమ్‌లో 125 గాలన్లు పెట్టే ముందు స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను ఒకసారి పిలవడం కట్టిన డబ్బుకు తగ్గ పనే. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు లీజు కాగితం చదవాలి. అక్వేరియం ఇన్ని గాలన్లు మించకూడదని చాలా లీజుల్లో రాసి ఉంటుంది. నీళ్లు కారితే కింది ఇంటి నష్టం బీమా భరిస్తుందో లేదో కూడా ముందే అడగాలి.

డబ్బు విషయానికొస్తే, గాజే అన్నిటికన్నా చవక. గాలన్‌కు డాలర్ చొప్పున ట్యాంకులమ్మే సేల్ ఒకప్పుడు పెట్‌కో దుకాణాలకు పేరు తెచ్చింది. తర్వాత అది సగం ధర సేల్‌గా మారింది. ఆ బోర్డు చూసి కొన్నవాళ్లకు అసలు ఖర్చు ఇంటికొచ్చాకే తెలుస్తుంది. స్టాండు, ఫిల్టర్, హీటర్లు, దీపం, మూత, పరీక్ష కిట్ అన్నీ కలిస్తే ట్యాంకు ధరకు కొన్ని రెట్లవుతుంది. కాబట్టి పొదుపు చేయదలిస్తే దీపంలో చేయొచ్చు, అలంకారంలో చేయొచ్చు. ఫిల్టర్‌లో, స్టాండులో మాత్రం చేయకూడదు.

ఫిల్టర్ డబ్బా మీద రాసే గాలన్ల సంఖ్య లోపలి వడపోత పదార్థం శుభ్రంగా, చేపలు తక్కువగా ఉన్నప్పటి లెక్క. 75 గాలన్లకు 75 అని రాసి ఉన్నది కొంటే చాలదు. దాదాపు రెట్టింపు సామర్థ్యమున్నదో, లేదా రెండు ఫిల్టర్లో తీసుకోవడం మంచిది. ఒకటి ఆగినా రెండోది నడుస్తుంది. హీటర్లకూ అదే సూత్రం. 300 వాట్ల హీటర్ ఒకటి పెట్టి, దాని థర్మోస్టాట్ వెలిగిన స్థితిలో ఇరుక్కుపోతే తెల్లారేసరికి చేపలు ఉడుకుతాయి. 150 వాట్లవి రెండు పెడితే అంత వేడి అంత త్వరగా ఎక్కదు, ఒకటి చచ్చినా నీళ్లు ఒక్కసారిగా చల్లబడిపోవు. ఇండియా నుంచి హీటర్ తెచ్చుకోవడంలో అర్థం లేదు. 230 వోల్టుల హీటర్ 120 వోల్టుల ప్లగ్‌లో పావు వంతుకు కాస్త ఎక్కువ వేడినే ఇస్తుంది. ప్లగ్ పాయింట్ కరెంటు దారి తప్పితే వెంటనే ఆపేసే జీఎఫ్‌సీఐ రకానిదై ఉండాలి. వైరు ప్లగ్ కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లాలి, అప్పుడు వైరు వెంట జారే నీటి చుక్క నేల మీదే పడుతుంది.

ఇండియాలో అక్వేరియం ఉన్న చాలా ఇళ్లలో ఒక అలవాటుంది. కుళాయి నీళ్లు బకెట్‌లో పట్టి రాత్రంతా ఉంచితే క్లోరిన్ ఎగిరిపోతుంది, పొద్దున ట్యాంకులో పోయొచ్చు. అమెరికాలోని చాలా ఊళ్లలో ఈ అలవాటు చేపల్ని చంపుతుంది. డాలస్, శాన్‌ఫ్రాన్సిస్కో, వాషింగ్టన్ వంటి నగరాలు నీళ్లలో క్లోరిన్‌కు అమోనియా జోడించి క్లోరమైన్‌గా కలుపుతాయి. పైపుల్లో ఎక్కువకాలం నిలవడం కోసమే దాన్ని వాడతారు. అది బకెట్‌లో రాత్రికి రాత్రి పోదు. ప్లానో, ఫ్రిస్కో, అలెన్, మెకిన్నీలకు నీళ్లిచ్చే నార్త్ టెక్సస్ మున్సిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ కూడా క్లోరమైనే వాడుతుంది. పైగా ఏటా సాధారణంగా మార్చిలో సుమారు నాలుగు వారాలు, పైపుల శుభ్రత కోసం అమోనియా ఆపేసి ఒట్టి క్లోరిన్ పంపుతుంది. నల్లా నీళ్లు వాసన మారాయని ఇరుగుపొరుగు అనుకునే రోజులవే. కొత్త నీళ్లు పోసే ప్రతిసారీ క్లోరమైన్‌నూ, అది విడిపోయినప్పుడు మిగిలే అమోనియానూ రెండిటినీ నిర్వీర్యం చేసే కండిషనర్ కలపాలి. న్యూయార్క్ నగరం ఒట్టి క్లోరినే వాడుతుంది. ఎవరి ఊరి నీళ్లలో ఏముందో నీటి సంస్థ ఏటా జూలై 1 లోగా ఇవ్వాల్సిన నివేదికలో ఉంటుంది.

75 గాలన్ల ట్యాంకులో వారానికి పావు వంతు నీళ్లు మార్చాలంటే ఐదు గాలన్ల బకెట్లు దాదాపు నాలుగు మోయాలి. ఒక్కో బకెట్ 40 పౌండ్ల పైమాటే. సింక్ కుళాయికి బిగించే పొడుగాటి గొట్టం కొనుక్కుంటే నడుములు మిగులుతాయి. పెద్ద ట్యాంకు కొన్న వారంలోపే కొనదగ్గ వస్తువు ఏదంటే అదే.

ట్యాంకు వచ్చిన రోజే చేపలు వేయాలన్న ఆత్రం అన్నిటికన్నా ఖరీదైన తప్పు. చేపలు మొప్పల ద్వారా అమోనియా వదులుతాయి. అది వాటికే విషం. ఒక రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే, రక్తం ఆక్సిజన్ మోయలేకుండా చేస్తుంది. మరో రకం సూక్ష్మజీవులు నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. అది కొంతవరకు ప్రమాదం లేనిది, నీళ్లు మారిస్తే పోతుంది. ఈ రెండో పని నైట్రోబాక్టర్ అనే జీవి చేస్తుందని పుస్తకాలు చాలాకాలం చెప్పాయి. కాలిఫోర్నియాలో పరిశోధించిన టిమ్ హోవనెక్ బృందం 1998లో ట్యాంకుల్లో అసలు పని చేస్తున్నది నైట్రోస్పైరా రకం జీవులని చూపించింది. సరైన జాతుల్ని సీసాల్లో అమ్మడం ఆ తర్వాతే అర్థవంతమైంది. ఈ జీవులు నెమ్మదిగా పెరుగుతాయి. ఫిల్టర్ నడుపుతూ, కొలత ప్రకారం అమోనియా వేస్తూ, పరీక్ష కిట్‌తో చూసుకుంటూ పోతే నాలుగు నుంచి ఆరు వారాల్లో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగుతాయి. అప్పుడే చేపల్ని తేవాలి, అదీ కొద్దికొద్దిగా. ఫిల్టర్‌లోని స్పాంజ్‌ను కుళాయి కింద కడిగితే ఈ జీవులు చాలావరకు చచ్చి కథ మళ్లీ మొదటికి రావొచ్చు. ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే దాన్ని పిండాలి.

పెద్ద ట్యాంకు వల్ల మేలేమిటో 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌కు తెలిసింది. మంచు తుపానుకు 45 లక్షల ఇళ్లకు, వ్యాపారాలకు కరెంటు పోయింది, కొన్నిచోట్ల రోజుల తరబడి. నీళ్లు ఎంత ఎక్కువుంటే అంత నెమ్మదిగా చల్లబడతాయి, అమోనియా కూడా అంత పలచగా పేరుకుంటుంది. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి అలమరలో ఉంచుకుని, తొట్టి చుట్టూ దుప్పట్లు చుడితే కరెంటు లేని ఆ వ్యవధిలో చేపల్ని కాపాడుకునే అవకాశం పెరుగుతుంది.

పాత ట్యాంకు కొనడం తప్పేమీ కాదు. ఇళ్లు మారేవాళ్లు స్టాండు, ఫిల్టర్‌తో సహా సగం కన్నా తక్కువకే ఇచ్చేస్తారు. అయితే మూలల్లో సిలికాన్ ఊడిందేమో వేలితో తడిమి చూడాలి, గ్యారేజీలో నింపి రెండు రోజులు నిలబెట్టాకే ఇంట్లోకి తేవాలి. అన్నిటికన్నా ముందు, దగ్గర్లోని అక్వేరియం సొసైటీ సమావేశానికి ఒకసారి వెళ్లి రండి. బ్రూక్లిన్‌లో 1911 నుంచీ ఉంది, వాషింగ్టన్ చుట్టుపక్కల పొటోమాక్ వ్యాలీ పేరుతో ఉంది, ఉత్తర న్యూజెర్సీలోనూ ఉంది. వాటి వేలంపాటల్లో మంచి చేపలు, వాడిన పరికరాలు చవగ్గా దొరుకుతాయి. అక్కడివాళ్లు తమ పాత ఫిల్టర్‌లోంచి కాస్త స్పాంజ్ ఇస్తే, ఆరు వారాల ఎదురుచూపు సగానికి పైగా తగ్గుతుంది.