స్లైడ్ షో కోసం ఛాయాచిత్రాల ఫైళ్లకు పేర్లు పెట్టడం

క్షేత్ర పర్యటన నుంచి తిరిగి వచ్చేసరికి మీ ఫోనులో రెండు మూడు వందల ఛాయాచిత్రాలు ఉంటాయి. వాటిలో ఇరవై ముప్పై ఎంచుకొని అధ్యయన కేంద్రంలో స్లైడ్ షోగా చూపాలి. ఆ చిత్రాలకు పేర్లు ఎందుకు పెట్టాలో, ఏ పద్ధతిలో పెట్టాలో ఈ భాగంలో తెలుసుకుందాం.

మీ ప్రాజెక్టు మూడు పట్టణాల గురించి అనుకుందాం. జగిత్యాలలో కందకం ఉన్న నక్షత్రాకారపు కోటను, కోరుట్లలో బీడీలు చుట్టే మహిళలను, సిరిసిల్లలో మరమగ్గాలను ఫొటోలు తీశారు.

1. కెమెరా పెట్టిన పేరు ఎందుకు చాలదు?

చాలా కెమెరాలు నాలుగు అక్షరాలు, నాలుగు అంకెలతో ఫైలుకు పేరు పెడతాయి. 9999 తరువాత లెక్క మళ్లీ 0001తో మొదలవుతుంది. అందువల్ల ఇద్దరి కెమెరాలలో ఒకే పేరుతో రెండు వేర్వేరు చిత్రాలు ఉండవచ్చు. రెండింటినీ ఒకే ఫోల్డరులో వేసేటప్పుడు ఏమరుపాటున అనుమతిస్తే ఒకటి చెరిగిపోయి, రెండోది మిగులుతుంది.

అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. తీసిన తేదీ, సమయం కెమెరా నమోదు చేస్తుంది. చిత్రంలో ఉన్నది ఎవరో దానికి తెలియదు. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలు అంటారు. సాంచాల ముందు నిలబడిన ముగ్గురిలో ఒకరు నూలు ఇచ్చి బట్ట తీసుకొనే యజమాని, ఒకరు తన కొద్దిపాటి సాంచాల మీద కూలి లెక్కన బట్ట తయారుచేసి ఇచ్చే ఆసామి, మరొకరు ఆసామి దగ్గర పనిచేసే కార్మికుడు. ముగ్గురి రాబడీ, బాధ్యతా వేరు. నెల తరువాత ఎవరు ఎవరో మీకు గుర్తుండకపోవచ్చు. కార్మికుడిని ఆసామిగా చూపితే మీ అధ్యయనమే తప్పుదారి పడుతుంది. కనుక పేర్లు పెట్టే పని పర్యటన జరిగిన రోజు సాయంత్రమే ముగించండి.

2. పేరు నిర్మాణం

తేదీ, ఊరు, విషయం, సంఖ్య అనే క్రమాన్ని పాటించండి:

2024-12-10_సిరిసిల్ల_ఆసామి_003
2024-12-11_కోరుట్ల_బీడీపని_014

సంవత్సరం ముందు, తరువాత నెల, ఆపైన రోజు రాస్తే ఫైళ్లు కాలక్రమంలో వాటంతటవే అమరుతాయి. తేదీలో ఏటవాలు గీత వాడకండి. విండోస్ దానిని అంగీకరించదు. సంఖ్యకు ముందు సున్నాలు తప్పనిసరి. కొన్ని పరికరాలు ఒక్కొక్క అంకెనే పోల్చి చూస్తాయి కాబట్టి, సున్నాలు లేకపోతే 10వ చిత్రం 2వ చిత్రం కంటే ముందు వస్తుంది. పాత టీవీలో తెలుగు అక్షరాలు కనిపించకపోతే అదే క్రమాన్ని ఇంగ్లిషు అక్షరాలలో రాయండి.

వ్యక్తుల పేర్లు ఫైలు పేరులో చేర్చవద్దు. వారు చేసే పనిని మాత్రమే సూచించండి. పేరు, ఫొటో చూపడానికి వారిచ్చిన అనుమతి మీ నోటుపుస్తకంలో అదే సంఖ్య ఎదురుగా ఉండాలి.

3. మూడు ఫోల్డర్లు

మూలం: కెమెరా నుంచి వచ్చిన చిత్రాలన్నీ. వీటిని ఎన్నడూ మార్చకండి. వేరే పెన్‌డ్రైవులో మరొక ప్రతి ఉంచండి.

ఎంపిక: పనికివచ్చే చిత్రాల ప్రతులు. పై పద్ధతిలో పేర్లు పెట్టవలసింది వీటికే.

ప్రదర్శన: స్లైడ్ షోలో చూపేవి. ఇక్కడ పేరుకు ముందు 010, 020, 030 అని వరుస సంఖ్య చేర్చండి. కోట చిత్రానికీ బీడీపని చిత్రానికీ నడుమ మరొకటి కావలసివస్తే 015 అని పెట్టవచ్చు. మిగిలిన పేర్లు మార్చే అవసరం ఉండదు.

మిత్రుల నుంచి చిత్రాలు తెప్పించుకొనేటప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపమనండి. ఫొటోగా పంపితే చిత్రం నాణ్యత తగ్గుతుంది, తీసిన సమయం వివరాలు పోతాయి.

అభ్యాసం

మీ ఫోనులోని పది చిత్రాలకు ఈ పద్ధతిలో పేర్లు పెట్టండి. తరువాత చిత్రాలు చూపకుండా పేర్లు మాత్రమే మీ సహాధ్యాయికి చదివి వినిపించండి. ఎక్కడ, ఎప్పుడు, దేనిని తీశారో వారు చెప్పగలిగితే మీరు సరిగా చేసినట్లే.