ఒకే పువ్వు... చేదూ, పరిమళమూ!

కాగు మరగడం మొదలవగానే వేస్తే చేదు, దించే ముందు వేస్తే సువాసన. క్రాఫ్ట్ బీరు గుట్టంతా హాప్స్ వేసే వేళలోనే ఉంది.

ఎండిన హాప్ పువ్వును అరచేతుల మధ్య నలిపితే పసుపు పొడి జిగటగా అంటుకుంటుంది. కాస్కేడ్ రకమైతే పంపరపనస తొక్క వాసన గుప్పుమంటుంది. లుపులిన్ అనే ఆ పొడి కోసమే అమెరికాలోని యాకిమా లోయలో వేల ఎకరాల్లో సుమారు 18 అడుగుల రాట్లు పాతి ఈ తీగను పాకిస్తారు. ఇది గంజాయి కుటుంబానికి చెందిన మొక్క. బీరుకు పనికొచ్చేవి ఆడపూలే. ఆగస్టు చివర్లో కోత మొదలవుతుంది. కోసినవాటిని వెంటనే వేడిగాలితో ఆరబెట్టకపోతే చెడిపోతాయి.

పాత డెయిరీ తొట్లతో...

1970ల్లో అమెరికా మార్కెట్ నిండా తేలికపాటి లాగర్ బీర్లే. ఏది కొన్నా ఇంచుమించు అదే రుచి. ఇంట్లో కాచుకుందామంటే చట్టం ఒప్పుకోదు. 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకంతో ఆ అడ్డు తొలగింది. కాలిఫోర్నియాలోని చికోలో బీరు తయారీ సామగ్రి అమ్మే కెన్ గ్రాస్‌మన్, పాల్ కముసితో కలిసి సియెరా నెవాడా సంస్థను ప్రారంభించాడు. కొత్త యంత్రాలకు డబ్బుల్లేక డెయిరీల పాత సామాన్లు తెచ్చి బిగించుకున్నారు. 1980లో కాచడం మొదలుపెట్టారు. వాళ్లకు పేరు తెచ్చిన పేల్ ఏల్ అనే బీరుకు ప్రాణం కాస్కేడే. ఆరెగన్‌లో ప్రభుత్వ పరిశోధకులు రూపొందించి 1972లో విడుదల చేసిన రకమది.

మరిగితే ఒకటి, మరగకపోతే ఒకటి

బార్లీని మొలకెత్తించి ఆరబెడితే మాల్ట్. దాన్ని మరపట్టి 65 డిగ్రీల ప్రాంతంలో ఉన్న వేడినీళ్లలో గంటసేపు ఉంచితే గింజలోని పిండి చక్కెరవుతుంది. పిప్పి తీసేయగా మిగిలిన తియ్యటి ద్రవమే వోర్ట్. ఇక్కడిదాకా ఏ బీరుకైనా దారి ఇంచుమించు ఇదే.

వోర్ట్‌ను గంట, గంటన్నర మరిగిస్తారు. మొదట్లో వేసిన హాప్స్‌లోని ఆల్ఫా ఆమ్లాలు ఆ వేడికి రూపం మార్చుకుని ద్రవంలో కరుగుతాయి. మాల్ట్ తీపిని అదుపులో పెట్టే చేదు వాటిదే. అయితే అంతసేపు మరిగితే మిర్సీన్ లాంటి సుగంధ తైలాలు ఆవిరితో పాటే ఎగిరిపోతాయి. అందుకే కొంత హాప్స్‌ను మంట తీసేసే ముందు, మరికొంత తీసేశాక వేస్తారు. చారు దించాక కొత్తిమీర వేసినట్టు. ఆపైన 20 డిగ్రీలకు చల్లార్చి ఈస్ట్ కలుపుతారు. అది చక్కెరను తిని ఆల్కహాల్‌నీ, కార్బన్ డయాక్సైడ్‌నీ ఇస్తుంది.

పులియడం ఓ కొలిక్కి వచ్చాక నేరుగా బీరులోనే మళ్లీ హాప్స్ వేసి కొద్దిరోజులు ఉంచడం డ్రై హాపింగ్. మరిగించరు కనుక చేదు అంతగా దిగదు, వాసన మాత్రం నిండుగా పడుతుంది. ఇది ఇంగ్లండ్ వాళ్ల పాత పద్ధతే. ఓడల్లో మద్రాసు, కలకత్తాలకు పంపే పేల్ ఏల్ పీపాల్లో అదనంగా హాప్స్ వేసేవారు. బీరును పాడుచేసే బ్యాక్టీరియాను అవి అణచిపెడతాయి. ఇండియా పేల్ ఏల్, అంటే నేటి ఐపీఏ, ఆ వ్యాపారం పెట్టిన పేరే.

పాతబడితే పరువు పోతుంది

ఇంత చేసి పట్టుకున్న పరిమళానికి ఆయుష్షు తక్కువ. ఆక్సిజన్ సోకితే పళ్ల వాసన పోయి తడి అట్టముక్క వాసన వస్తుంది. అందుకే నింపే ముందు డబ్బాల్లోంచి గాలిని కార్బన్ డయాక్సైడ్‌తో తరిమేస్తారు. ఎండ తగిలితే చేదు పదార్థాలు విరిగి గంధకపు కంపు పుడుతుంది. గోధుమరంగు సీసాలు వాడేది ఆ వెలుతురును ఆపడానికే. కాగు దగ్గర నిమిషాలు లెక్కపెట్టినట్టే దుకాణంలో నెలలు లెక్కపెట్టాలి. ఐపీఏ కొనేవాళ్లు బ్రాండు కన్నా ముందు తయారీ తేదీ చూడటం మంచిది. వెచ్చటి అరలో నెలల తరబడి నిలవున్న డబ్బా కొంటే, పరిమళానికి ధర కట్టి చేదు మాత్రమే ఇంటికి తెచ్చుకున్నట్టు.