బాలింత బంతి పట్టింది

బడి పిల్లలు బాస్కెట్ బాల్ ఆడడం మీరు చూసే ఉంటారు. ఒక స్తంభం ఉంటుంది. దానికి 10 అడుగుల ఎత్తున ఇనుప రింగు. రింగుకు వేలాడే వల. బంతిని విసిరితే పైనుంచి అందులో పడాలి. జట్టుకు ఐదుగురు ఆడతారు. బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తితే కుదరదు. నేలకేసి కొడుతూ పోవాలి. మామూలుగా వేస్తే 2 పాయింట్లు. దూరాన గీసిన గీత అవతలి నుంచి వేస్తే 3.

ఈ ఆట 1891లో అమెరికాలో పుట్టింది. మరుసటి ఏటికే ఆడవాళ్లు కూడా ఆడారు. కానీ ఆటనే పనిగా చేసుకుని బతకడం ఎక్కువగా మగవాళ్లకే కుదిరింది. 1978లో ఆడవాళ్లకు ఒక లీగు పెట్టారు. మూడేళ్లకే మూతపడింది.

లీగు అంటే ఏమిటి? మన ఊళ్లో పండక్కి కబడ్డీ పోటీ పెడతారు. ఓడిన జట్టు ఇంటికి పోతుంది. లీగులో అలా కాదు. ఓడినా మళ్లీ ఆడతారు. నెలల తరబడి ఆడతారు. ఎవరు ఎన్ని గెలిచారో లెక్క రాస్తారు. ఆ నెలలన్నిటినీ కలిపి సీజన్ అంటారు. చివర్లో ముందున్న జట్ల మధ్య అసలు పోటీ జరుగుతుంది.

1997లో అమెరికాలో ఆడవాళ్లకు కొత్త లీగు మొదలైంది. పేరు డబ్ల్యు.ఎన్.బి.ఎ. మొత్తం 8 జట్లు. ఒక్కో జట్టుకు 28 ఆటలు. జూన్ 21న మొదలుపెట్టి ఆగస్టు 30న ముగించారు. ఆ నెలలే ఎందుకు? అప్పుడు మగవాళ్ల ఆటలు ఉండవు. ఆట హాళ్లు ఖాళీగా ఉంటాయి. ఇంట్లో మగవాళ్ల భోజనాలయ్యాక ఆడవాళ్లు కూర్చున్నట్టే ఉంది కదూ!

హ్యూస్టన్ నగరం జట్టు పేరు కామెట్స్. అందులో పేరున్న మనిషి షెరిల్ స్వూప్స్. అందరూ ఆమె ఆట కోసం ఎదురుచూశారు. సీజన్ మొదలయ్యేనాటికి ఆమె నిండు చూలాలు. జూన్ 25న కొడుకు పుట్టాడు. ఇక ఈ ఏడు ఆడదులే అనుకున్నవాళ్లు ఉంటారు. కానీ ఆగస్టు 7న, అంటే ఆరు వారాలకే, ఆమె బంతి పట్టింది. చివరి 9 ఆటలు ఆడింది.

అందరూ అలా చేయాలని కాదు సుమా. బాలింతకు విశ్రాంతి కావాలి. ఆమె ఒళ్లు ఆటకు అలవాటు పడిన ఒళ్లు.

ఆమె లేని రోజుల్లో జట్టును మోసింది సింథియా కూపర్. అప్పటికి ఆమెకు 34 ఏళ్లు. సొంత దేశంలో లీగు లేక పదేళ్లకు పైగా స్పెయిన్, ఇటలీ దేశాల్లో ఆడి బతికింది. ఆమెది పేద కుటుంబం. తల్లి ఒంటి చేత్తో పిల్లల్ని పెంచింది. సరిగ్గా 1997లోనే ఆ తల్లికి రొమ్ము క్యాన్సర్ అని తేలింది. కూతురు ఒకపక్క అమ్మను చూసుకుంటూనే ఇంకోపక్క ఆడింది. ఆటకు సగటున 22 పాయింట్లు చేసింది. ఆ ఏటి మేటి క్రీడాకారిణి అనే బహుమతి ఆమెకే ఇచ్చారు.

చివరి ఆటలో కామెట్స్ జట్టు న్యూయార్క్ జట్టును ఎదుర్కొంది. 65–51 తేడాతో గెలిచింది. కూపర్ ఒక్కతే 25 పాయింట్లు చేసింది. ఆ తర్వాత మూడేళ్లూ, అంటే 2000 దాకా, కామెట్సే గెలిచారు. కూపర్ తల్లి మాత్రం 1999లో కన్నుమూసింది. జట్టు కూడా 2008లో మూతపడింది. లీగు నిలిచింది.

మరి జీతాలు? మగవాళ్ల లీగు జీతాలతో పోలిస్తే చాలా తక్కువ. కాన్పు సెలవులో సగం జీతానికే హామీ ఉండేది. క్రీడాకారిణులు సంఘం పెట్టుకుని అడుగుతూ వచ్చారు. 2020లో యాజమాన్యంతో కొత్త ఒప్పందం కుదిరింది. కాన్పు సెలవుకు పూర్తి జీతం ఇవ్వాలని అందులో రాశారు. పాలిచ్చే తల్లికి చాటుగా ఒక చోటు చూపాలని కూడా రాశారు. షెరిల్ కొడుక్కి అప్పటికి 22 ఏళ్లు.