కనుమరుగైన బీర్లు: జ్ఞాపకాన్ని చరిత్రకు ఆధారంగా చదవడం

ఉద్దేశం: ఈ భాగం చదివిన తరువాత, ఒక సరుకు మార్కెట్ నుంచి ఎందుకు మాయమవుతుందో, దానిపై జనంలో మిగిలే బెంగను చరిత్ర విద్యార్థి ఎలా పరిశీలించాలో మీరు వివరించగలుగుతారు.

1. పరిచయం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో పెద్ద వయసు మగవారి దగ్గర పాత బీర్ల ప్రస్తావన వస్తే, "అప్పటి రుచి ఇప్పుడేదీ?" అనే మాట తప్పక వినిపిస్తుంది. ఇందులో రెండు అంశాలున్నాయి. ఒకటి, పాత బీరు రుచిగా ఉండేదని. రెండు, అది ఇప్పుడు దొరకడం లేదని. మొదటిదాన్ని పరీక్షించలేం. రెండోదాన్ని పరీక్షించవచ్చు.

2. రుచిని ఎందుకు పరీక్షించలేం?

బీరు ఏళ్లతరబడి నిల్వ ఉండే పానీయం కాదు. వేడికి, సీసాలోని గాలికి కొన్ని నెలల్లోనే రుచి మారుతుంది. హాప్ పువ్వుల నుంచి వచ్చే చేదు పదార్థాలు వెలుతురు తగిలితే చెడువాసన ఇస్తాయి. గోధుమరంగు సీసాలు వాడేది అందుకే. 1985లో నింపిన సీసా ఈరోజు తెరిచినా అప్పటి రుచి దొరకదు. మనకు మిగిలేవి సీసా, లేబులు, జ్ఞాపకం మాత్రమే.

3. బ్రాండ్లు ఎందుకు మాయమవుతాయి?

(అ) చట్టం: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1993 అక్టోబరు 1న సారాను, 1995 జనవరి 16 నుంచి మొత్తం మద్యాన్ని నిషేధించారు. 1997లో మద్య నిషేధాన్ని సడలించారు. రెండేళ్లకు పైగా అంగడిలో లేని బ్రాండు, తిరిగి వచ్చినప్పుడు పాత స్థానాన్ని మళ్లీ సంపాదించుకోవలసిందే.

(ఆ) యాజమాన్యం: నాకౌట్ బీరు మొదట మైసూర్ బ్రూవరీస్‌ది, హేవార్డ్స్ 5000 షా వాలెస్ సంస్థది. తరువాత శాబ్‌మిల్లర్ చేతికి, 2016లో ఏబీ ఇన్‌బెవ్ చేతికి వెళ్లాయి. ఇలా చేతులు మారినప్పుడు ఏ పేరు ఉంచాలో, ఏది ఆపాలో కొత్త యజమాని నిర్ణయిస్తాడు.

(ఇ) కొనుగోలు: మన రాష్ట్రంలో తయారీదారుల నుంచి మద్యం కొనేది ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ ఒక్కటే. ధర కుదరకపోతే సరుకు ఆగిపోతుంది. 2025 జనవరిలో కింగ్‌ఫిషర్ తయారీదారైన యునైటెడ్ బ్రూవరీస్, ధరలు పెంచలేదని, బకాయిలున్నాయని చెప్పి తెలంగాణకు సరఫరా నిలిపి, కొన్ని రోజులకు తిరిగి ప్రారంభించింది. ఫిబ్రవరిలో ప్రభుత్వం బీరు ధరను 15 శాతం పెంచింది.

4. సరిహద్దు చెప్పే పాఠం

2014 తరువాత కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలు రాష్ట్ర సరిహద్దులో ఉన్నాయి. 2019 అక్టోబరు నుంచి 2024 అక్టోబరు వరకు ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలను ప్రభుత్వమే నడిపింది. ఆ కాలంలో పేరున్న బ్రాండ్లు అక్కడ అరుదైపోయి, బూమ్ బూమ్ వంటి కొత్త పేర్లు కనిపించాయి. అదే సమయంలో కోదాడ దుకాణాల్లో పాత పేర్లు యథావిధిగా దొరికాయి. సరిహద్దుకు రెండు వైపులా నాలుక ఒక్కటే. మారింది కొనుగోలు విధానం. కాబట్టి ఒక బీరు మాయమైతే, జనానికి అది నచ్చలేదని వెంటనే అనుకోకూడదు.

5. ఎవరి జ్ఞాపకం?

పాత బీర్ల ముచ్చట్లలో స్త్రీల గొంతు దాదాపు వినిపించదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమాన్ని నడిపింది గ్రామీణ స్త్రీలే. కూలి డబ్బులు సారాకు పోవడం, ఇంట్లో దెబ్బలు తినడం వారి జ్ఞాపకాలు. ఒకే ఊళ్లో, ఒకే ఏడాది గురించి భర్తకు లేబులు గుర్తుంటే, భార్యకు పొయ్యి వెలగని రాత్రి గుర్తుండవచ్చు. రెండూ ఆధారాలే. ఒక్కదాన్నే రాసుకుంటే చరిత్ర సగమే అవుతుంది.

6. సారాంశం

బెంగ అబద్ధం కాదు, కానీ కారణం చెప్పదు. కారణం కోసం చట్టం, యాజమాన్యం, కొనుగోలు అనే మూడింటినీ చూడాలి. ఆ తరువాత, ఈ జ్ఞాపకంలో లేనివారు ఎవరని అడగాలి.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. పాత బీరు రుచిని పరీక్షించలేకపోవడానికి కారణాలేమిటి?
2. మీ ఊళ్లో ఇప్పుడు దొరకని ఒక సరుకును ఎంచుకోండి. దాని గురించి ఒక పురుషుణ్ని, ఒక స్త్రీని అడిగి, వారి సమాధానాల్లోని తేడాను పది వాక్యాల్లో రాయండి.