బటన్ దాకా వెళ్లే సన్న వైరు

తెనాలి బియ్యం మిల్లులో అయినా, బాపట్ల పొలాల్లో బోరు దగ్గరైనా, రేపల్లె రొయ్యల చెరువు గట్టు మీదైనా స్టార్టర్ పెట్టె తెరిస్తే రెండు రకాల వైర్లుంటాయి. మోటారుకు వెళ్లేవి లావువి. బటన్లు, స్టార్టరును పట్టి ఉంచే కాయిల్, ఫ్లోట్ స్విచ్‌ల మధ్య తిరిగేవి సన్నవి, అంటే కంట్రోల్ వైర్లు. లావు వాటికి ఫ్యూజు అందరూ వేస్తారు. సన్నవాటిని చాలాచోట్ల దేవుడికి వదిలేస్తారు.

20 హెచ్‌పీ మోటారు 415 వోల్టుల మీద సుమారు 28 ఆంపియర్లు లాగుతుంది. స్టార్టింగులో ఇంకా ఎన్నో రెట్లు. అందుకని 63 ఆంపియర్ల ఫ్యూజు వేశారనుకుందాం. కంట్రోల్ వైరునూ ఆ ఫ్యూజు తర్వాతే తీస్తారు. కాయిల్ లాగేది అర ఆంపియరు కూడా ఉండదు కాబట్టి ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరు చాలు. ఏళ్ల తరబడి ఏమీ కాదు. ఒకరోజు ఎలుక కొరుకుతుంది (మిల్లులో దానికి బియ్యం కరువా అని అడక్కండి). వైరు పెట్టె రేకుకు తగులుతుంది. ఎర్తు అంతంతమాత్రమైన చోట 40 ఆంపియర్లు పారాయనుకోండి, 63 ఫ్యూజుకు చీమ కుట్టినట్టయినా ఉండదు. సన్న వైరు తొడుగు మాత్రం కరిగి పక్కవాటికి అంటుకుంటుంది. ఓవర్‌లోడ్ రిలే ఉందిగా అంటారు. అది మోటారు కరెంటునే చూస్తుంది, బటన్ వైరు దాని లెక్కలో లేదు.

అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ దీనికోసం 430.72 అని ఒక సెక్షనే పెట్టింది. సుమారు 2 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు పెట్టె దాటకపోతే వెనక 100 ఆంపియర్ల ఫ్యూజున్నా సరే అంటుంది. బయటికొస్తే 45 మించకూడదు. మన బటన్లు, ఫ్లోట్లు ఉండేది ఎక్కువగా బయటే.

మందు చిన్నదే. కంట్రోల్ వైరు మొదలయ్యే చోటే 2 ఆంపియర్ల ఫ్యూజు వేయాలి. కాయిల్ 415 వోల్టులదైతే రెండు ఫేజుల్లోనూ వేయాలి. 240దైతే ఫ్యూజూ స్టాప్ బటనూ రెండూ ఫేజు వైపే ఉండాలి. స్టాప్‌ను న్యూట్రల్ వైపు పెడితే, కాయిల్‌కీ బటన్‌కీ మధ్య వైరు ఎర్తుకు తగిలిననాడు ఎర్ర బటన్ ఎంత నొక్కినా మోటారు ఆగదు. కాయిల్ గుండా పారే కరెంటే కాబట్టి ఫ్యూజూ పోదు.

చెరువు రైతు భయం వేరు. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. అప్పుడు కంట్రోల్ ఫ్యూజు పోతే నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగుతాయి, పంట పోతుంది. అందుకే కొందరు ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుట్టేస్తారు. భయం న్యాయమైనదే, వైద్యం మాత్రం కాదు. ఏరేటర్లన్నిటికీ ఒకే కంట్రోల్ లైను ఇవ్వకుండా ఒక్కోదానికి విడి ఫ్యూజు వేసి, ఆగితే మోగే అలారం పెట్టుకోవాలి.

ఈసారి ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు కంట్రోల్ ఫ్యూజు ఎక్కడుందో చూపించమనండి. మెయిన్ ఫ్యూజు చూపిస్తే మళ్లీ అడగండి.